అప్పుడప్పుడూ ఆగే ఛార్జింగ్‌ని నడుస్తున్న బండిలోనే పట్టుకోవాలి

పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకున్న బండి, సాయంత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడేసరికి డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు మినుకుమినుకుమంటుంది. మర్నాడు ఆటోనగర్ తీసుకెళ్తే ఎలక్ట్రీషియన్ బ్యానెట్ ఎత్తి బ్యాటరీ మీద మీటరు పెడతాడు. 14.2 వోల్టులు చూపిస్తుంది. "ఛార్జింగ్ బానే ఎక్కుతోందండీ" అంటాడు. ఆయన చూసినప్పుడు నిజంగానే బాగుంది. రెండ్రోజులకి మళ్లీ మొదలు. ముందు బ్యాటరీ మారుతుంది, తర్వాత ఇంజన్ బెల్టుతో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మారుతుంది, ఎర్ర లైటు మాత్రం పోదు.

లోపం ఉన్న క్షణంలో కొలవకపోవడమే దీనికంతటికీ మూలం. వేడెక్కాక, గతుకులో పడ్డాక, వర్షంలో తడిశాక, ఏసీ హెడ్‌లైట్లు కలిసి వేశాక వచ్చే లోపాన్ని చెట్టు కింద చల్లారిన బండిలో వెతికితే దొరకదు. కాబట్టి మీటరునే బండిలోకి తెచ్చుకోవాలి. అదెలాగో, ఏ అంకె ఏం చెబుతుందో, తర్వాత ఏది విప్పాలో వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మారుతి 800, జెన్, ఎస్టీమ్, పాత ఆల్టో, శాంత్రో, ఇండికా, క్వాలిస్ తరం బండ్ల గురించి. వీటిలో వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ లోపలే ఉంటుంది, వెనక ఒక లావు తీగ, రెండు మూడు పిన్నుల కప్లర్ (తీగల్ని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఒకటి ఉంటాయి. పాత అంబాసిడర్, పద్మినీల్లోని అసలు డైనమో, దాని విడి కటౌట్ రిలే పద్ధతి వేరు. మన దగ్గర ఇప్పటికీ అందరూ ఆల్టర్నేటర్‌నే డైనమో అంటారు కాబట్టి షాపులో ఏ మాట వాడినా ఇబ్బంది లేదు. ఈమధ్య వచ్చిన బండ్లలో కంప్యూటరే ఛార్జింగ్ వోల్టేజిని కావాలని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటికి ఈ అంకెలు పెట్టి చూస్తే లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

ముందుగా బ్యాటరీ సంగతి తేల్చుకోవాలి. బయట ఛార్జర్‌తో నిండుగా ఎక్కించి, ఓ రాత్రి వదిలేసి, పొద్దున కొలిస్తే 12.6 నుంచి 12.7 వోల్టులు ఉండాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు, 12.2 ఉంటే సగం నిండినట్టు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ బ్యాటరీ సీసం గూటాల (టెర్మినళ్ల) మీద 9.6 కంటే కిందికి పోకూడదు. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఆరు అరలూ, అంటే సెల్స్, చూడాలి. ఒక అరకీ మరో అరకీ మధ్య 0.050 తేడా ఉందంటే ఆ అర పోయినట్టే, ఇక దానికి ఎంత మంచి ఆల్టర్నేటర్ పెట్టినా లాభం లేదు. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ పోయకూడదు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పూర్తిగా దిగిపోతే 3.5 ఆంపియర్లతో పది పన్నెండు గంటలు నిదానంగా ఎక్కించాలి. దిగిపోయిన బ్యాటరీకి పక్క బండి నుంచి కరెంటిచ్చి స్టార్ట్ చేసి, మిగతాది ఆల్టర్నేటరే నింపుతుందిలే అని అలాగే తిప్పితే, ఎండాకాలంలో ఆల్టర్నేటర్ లోపల కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ల మీద ఆ భారమంతా పడుతుంది.

ఇక ఎర్ర లైటు. ఇది ఊరికే హెచ్చరిక కోసం పెట్టింది కాదు. ఆల్టర్నేటర్ మధ్యలో తిరిగే రోటర్ అయస్కాంతంగా మారడానికి మొదట కావలసిన కాస్త కరెంటు, చాలా పాత బండ్లలో ఈ బల్బు గుండానే వెళ్తుంది. అందుకే బల్బు మాడిపోతే ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఛార్జింగ్ మొదలవ్వదు. ఒకసారి గట్టిగా రేస్ చేస్తే గానీ అందుకోదు. ఒక రోజు ఛార్జింగ్ ఉంది, ఇంకో రోజు లేదు అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూడండి. లైటు నిండుగా వెలగాలి. వెలగకపోతే లోపం బల్బు, ఆ తీగ, లేదా రోటర్‌కి కరెంటు అందించే లోపలి బ్రష్షుల్లో ఉన్నట్టు.

స్టార్ట్ అయ్యాక చీకట్లో మాత్రమే కనిపించేంత మసగ్గా వెలుగుతూ, లోడు పెరిగేకొద్దీ కాస్త పెరుగుతుంటే డయోడ్ ఒకటి పోయి ఉండొచ్చు, లేదా తాళం స్విచ్ నుంచి వచ్చే తీగలో వోల్టేజి నష్టపోతోంది. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. బల్బుకి ఒక వైపు తాళం స్విచ్, మరో వైపు ఆల్టర్నేటర్. రెండు వైపులా ఒకే వోల్టేజి ఉంటేనే బల్బు ఆరుతుంది. ఎల్పీజీ కిట్ బిగించినప్పుడో, ఆంప్లిఫయర్ పెట్టినప్పుడో తాళం తీగని గీకి దానికే కలిపేసి టేపు చుట్టి ఉంటే, అక్కడ ఒక వోల్టు తగ్గినా లైటు మసగ్గా వెలుగుతుంది. ఆల్టర్నేటర్ బాగానే ఉంటుంది.

లైటు వెలగనంత మాత్రాన ఛార్జింగ్ ఉన్నట్టు కూడా కాదు. లావు తీగ బోల్టు దగ్గర వదులైతే ఆల్టర్నేటర్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది, లైటు ఆరే ఉంటుంది, మహా అయితే పగటిపూట కనిపించనంత మసగ్గా ఉంటుంది, బ్యాటరీకి మాత్రం ఏమీ చేరదు. అందుకే మీటరు కావాలి.

మామూలు డిజిటల్ మల్టీమీటర్లు రెండుంటే మంచిది. ఖరీదైనవి అక్కర్లేదు, రెండూ ఒకే బ్యాటరీ మీద ఒకే అంకె చూపిస్తే చాలు. మొదటి మీటరుకి తీగలు నేరుగా బ్యాటరీ ప్లస్, మైనస్ గూటాల నుంచి లాగండి. రెండో మీటరుకి ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించే బోల్టు నుంచి ఒకటి, ఆల్టర్నేటర్ ఒంటి నుంచి ఒకటి. ఒక చదరపు మిల్లీమీటరు తీగ సరిపోతుంది. ప్లస్ తీగలు రెండిటికీ మొదట్లోనే, అంటే బ్యాటరీ దగ్గరా ఆల్టర్నేటర్ దగ్గరా, 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరిగా పెట్టాలి. తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, లేకపోతే తీగే కాలిపోతుంది. ఆల్టర్నేటర్ లావు బోల్టులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. కాబట్టి దాని మీద పానా పెట్టే ముందు బ్యాటరీ మైనస్ కేబుల్ ఊడదీయాలి, అన్నీ బిగించాక చివర్లో తగిలించాలి. బెల్టు, ఫ్యాన్ దగ్గరికి తీగలు పోకుండా టై కట్టి, బ్యానెట్ సందులోంచి లోపలికి తెచ్చుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే చిన్న వోల్టు మీటరు వాడొచ్చు గానీ అది దారిలో పోయిన వోల్టేజి తీసేసి చూపిస్తుంది. బ్యాటరీ మీద ఎంతుందో, సాకెట్లో ఎంతుందో ఒకసారి పోల్చి తేడా రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు బండి నడపాలి. విజయవాడ నుంచి కృష్ణ మీది వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి మీదుగా కాజ దాకా హైవే మీద ఒక తీరు, తిరిగొచ్చి బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో మరో తీరు. గుంటూరు వాళ్లకి ఇదే దారి అటు నుంచి. ముప్పావు గంట తక్కువ కాకుండా తిరగాలి, ఎందుకంటే రెగ్యులేటర్, రోటర్ వైండింగ్ (తీగచుట్ట) నిజంగా వేడెక్కడానికి అంత సమయం పడుతుంది. మీటరు చూసేది, రాసేది పక్క సీట్లో మనిషి. నడిపేవాళ్లు రోడ్డు మీంచి కళ్లు తిప్పకూడదు. అయిదేసి నిమిషాలకి రెండు అంకెలూ, ఏసీ ఉందా, లైట్లు ఉన్నాయా, బండి నిలబడి ఉందా పరిగెడుతోందా అన్నది రాస్తే చాలు.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కొత్తల్లో 14.2 నుంచి 14.5 మధ్య కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం, గంట తిరిగాక 13.6, 13.8 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ రెగ్యులేటర్ తనంతట తానే కాస్త తగ్గిస్తుంది, బ్యాటరీ ఉడికిపోకుండా. 13.2 కంటే దిగితే మాత్రం రాసుకోవాలి.

రెండు మీటర్లూ ఒకేసారి 12.5కి పడిపోయాయంటే ఆల్టర్నేటర్ తయారుచేయడమే ఆపేసింది. బెల్టు జారుతోంది, లేదా బ్రష్షులు, కప్లర్, రెగ్యులేటర్, రోటర్‌లలో ఒకటి. ఆల్టర్నేటర్ మీటరు 14.4 దగ్గరే నిలబడి, బ్యాటరీ మీటరు 12.5కి జారితే మధ్యలో దారి తెగింది. లావు తీగ, మెయిన్ ఫ్యూజు, ఎర్త్ చూడాలి. బ్యాటరీ దగ్గర్నుంచి ప్రత్యేకంగా వోల్టేజి చూసే తీగ ఉన్న ఆల్టర్నేటర్లలో అయితే, దారి తెగినప్పుడు ఆల్టర్నేటర్ మీటరు 14.4 దగ్గర ఆగదు, 15, 16 దాటి పైకి పోతుంది. సిగ్నళ్ల దగ్గర నిలబడినప్పుడు మాత్రమే రెండూ తగ్గి, రేస్ చేయగానే లేచి వస్తుంటే అది వేరే లెక్క, దాని సంగతి తర్వాత చెప్తాను. ఏ ఆల్టర్నేటర్ అయినా రెండూ కలిసి 15 దాటాయంటే రెగ్యులేటర్ అదుపు తప్పింది. ఆ బండిని అలా తిప్పకూడదు, బ్యాటరీ ఉబ్బుతుంది, యాసిడ్ ఆవిరి కక్కుతుంది, హెడ్‌లైట్ బల్బులు వరసగా మాడతాయి.

రెండూ కలిసి పడిపోయే రకంలో మొదటి అనుమానం ఎప్పుడూ బ్రష్షుల మీదే. రోటర్ షాఫ్టు మీద రెండు రాగి రింగులుంటాయి, వాటి మీద రెండు చిన్న కార్బన్ ముక్కలు స్ప్రింగుల ఒత్తిడితో ఆనుకుని ఉంటాయి. రోటర్‌కి కరెంటు వెళ్లేది వాటి గుండానే. కార్బన్ అరిగి పొట్టిదయ్యేకొద్దీ స్ప్రింగు సాగిపోయి పట్టు తగ్గుతుంది. అలాంటప్పుడు చదునైన హైవే మీద ఛార్జింగ్ ఉంటుంది, గతుకుల్లో పోతుంది. చల్లగా ఉంటే పనిచేస్తుంది, వేడెక్కితే ఆపేస్తుంది. లోపం కనిపిస్తున్న క్షణంలోనే బండి పక్కకి ఆపి, ఇంజన్ నడుస్తుండగా, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో ఆల్టర్నేటర్ వెనక భాగం మీద మెల్లగా నాలుగు దెబ్బలు తట్టండి. మీటరు 12.4 నుంచి ఒక్కసారి 14 మీదకి ఎగిరితే బ్రష్షులేనని దాదాపు తేలిపోయినట్టే. లుంగీ, చీర కొంగు, తువ్వాలు, చేతి గడియారం బెల్టు దగ్గరికి పోనివ్వకండి.

తట్టినా మార్పు లేకపోతే ఇంకో పరీక్ష ఉంది, ఖర్చేమీ లేనిది. ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచండి. ఎర్ర లైటు వెలుగుతుండగా ఇనుప స్క్రూడ్రైవర్ కొన ఆల్టర్నేటర్ వెనక బేరింగు మూత మధ్యకి గానీ, ముందు పుల్లీ నట్టుకి గానీ దగ్గరగా తీసుకెళ్లండి. రోటర్‌కి కరెంటు అందుతుంటే కొనని అది తనవైపు లాగడం చేతికి తెలుస్తుంది. తాళం తీసేయగానే ఆ పట్టు వదిలేస్తుంది. పట్టు అసలు లేకపోతే బ్రష్షులు, రోటర్, రెగ్యులేటర్, కప్లర్‌లలో ఎక్కడో దారి తెగింది. వేడెక్కి లోపం వచ్చిన వెంటనే చేస్తేనే దీనికి విలువ. అరగంట ఆగి చేస్తే చల్లబడి మళ్లీ అతుక్కుని ఉంటుంది.

బ్రష్షులు విప్పి చూస్తే కథంతా వాటి మీదే రాసి ఉంటుంది. పనిచేసిన బ్రష్షు కొస రింగు వంపుకి తగ్గట్టు గుంటపడి నున్నగా, మెరుస్తూ ఉండాలి. కొస మీద మాడిన మచ్చలు, చిన్న చిన్న గుంటలు ఉంటే నిప్పురవ్వలు లేస్తున్నాయని అర్థం. బ్రష్షుని వేలితో లోపలికి నొక్కి వదిలితే ఎగిరి బయటికి రావాలి. కొన్ని బరబరా వచ్చి సగంలో ఆగిపోతాయి. కార్బన్ పొడి, ఆయిల్ కలిసి గూట్లో జిగటలా పేరుకుంటే అలా అవుతుంది. పైనుంచి ఇంజన్ ఆయిల్ కారే బండ్లలో, వెనక వాక్యూమ్ పంపు ఉన్న డీజిల్ ఆల్టర్నేటర్లలో ఇది మామూలు. పంపు ఆయిల్ సీలు పోతే ఆయిల్ నేరుగా రింగుల మీదకొస్తుంది. సీలు మార్చకుండా కార్బన్లు మాత్రం మారిస్తే కొద్దిరోజుల్లో మళ్లీ మొదటికే వస్తారు. బయటికి కనిపించే పొడవు 5 మిల్లీమీటర్లు ఉందంటే ఇంకొన్నాళ్లు లాగుతుందిలే అనుకోకుండా రెండూ కలిపి మార్చేయండి. కొత్తవి అదే కొలత, అదే మందం ఉండాలి. గూట్లో బిగుతుగా ఉన్నదాన్ని ఆకురాయితో గీకి దూర్చే పని చేయొద్దు. తోక తీగకి సోల్డరింగ్ చేసేటప్పుడు సీసం తీగ పొడవునా పైకి పాకితే అది కడ్డీలా బిగుసుకుపోయి బ్రష్షుని కదలనివ్వదు. కొత్త కార్బన్లు వేసిన మర్నాడే పాత జబ్బు తిరగబెట్టడానికి ఇదొక కారణం.

రింగుల మీద వేలిగోరు అడ్డంగా లాగితే తట్టుకునేంత గాడి పడితే లేతు మీద చదును చేయించాలి, లేదా రింగులు మార్పించాలి. ఊరికే నల్లబడితే 400 నంబరు ఎమరీ పేపర్ సరిపోతుంది. పేపర్ ఒకేచోట రుద్దకుండా రోటర్‌ని తిప్పుతూ పట్టాలి. రెండు రింగుల మధ్య మీటరు పెడితే మామూలుగా 2 నుంచి 5 ఓమ్‌లు రావాలి. రింగుకీ షాఫ్టుకీ మధ్య ఏమీ చూపించకూడదు. చల్లగా 3 చూపించి, వేడిమీద అంకె గంతులేస్తుంటే వైండింగ్ లోపల తెగి అతుక్కుంటోంది. దానికి మరమ్మతు ఆశించొద్దు, రోటర్ మార్చాల్సిందే.

వెనక కప్లర్ దగ్గరా ఓపికగా ఆగాలి. ఊడదీసి పిన్నుల్ని వెలుతురులో చూడండి. రాగి రంగు పోయి పచ్చ చిలుము పట్టిందా, ఏ పిన్నైనా చుట్టుపక్కల ప్లాస్టిక్ కమిలి గోధుమరంగుకి తిరిగిందా? తాళం ఆన్ చేసి, ఊడదీసిన కప్లర్‌లోని ఒక్కో పిన్నుకి టెస్ట్ ల్యాంప్ పెట్టి రెండో కొస బాడీకి ఆనించండి. తాళం తీగ అయితే నిండుగా వెలుగుతుంది. లైటు తీగ అయితే మసగ్గా వెలుగుతుంది, డాష్‌బోర్డు మీద ఎర్ర లైటూ దాంతోపాటే వెలుగుతుంది. రెండూ సరిగా ఉంటే లోపం కప్లర్ అవతల, అంటే ఆల్టర్నేటర్ లోపల. తీగని పట్టుకుని మెల్లగా ఊపుతూ చూడటం మరిచిపోవద్దు. ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా లోపల రాగి పోగులు తెగిపోయిన తీగలు పాత బండ్లలో మామూలే. వంగే చోట నొక్కితే అక్కడ మెత్తగా, బోలుగా తగులుతుంది.

బెల్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి, బండి మాన్యువల్లో వేరే కొలత ఉంటే అదే. వీ ఆకారం బెల్టు పుల్లీ గాడి పక్కల్ని పట్టుకుని లాగాలి. అరిగిన బెల్టు గాడి అడుగుకి దిగిపోతుంది, ఎంత బిగించినా జారుతుంది. గాడి అడుగు మెరుస్తుంటే అదే గుర్తు. మరీ బిగించేస్తే ముందు బేరింగు పోతుంది.

ఇప్పుడు ఆల్టర్నేటర్ బాగుండి బ్యాటరీకి చేరని రకం. ఇక్కడ కంటితో చూసి నమ్మకూడదు, కొలవాలి. ఇంజన్ ఆపి హెడ్‌లైట్లు పది నిమిషాలు వేసి ఉంచితే బ్యాటరీ కాస్త దిగుతుంది, అప్పుడు తీగలో కరెంటు బాగా పారుతుంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి 2000 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి, హెడ్‌లైట్లు బ్రైట్‌లో, బ్లోయర్ ఫుల్లో పెట్టండి. మీటరు ఎర్ర తీగ ఆల్టర్నేటర్ లావు బోల్టు మీద, నల్ల తీగ బ్యాటరీ ప్లస్ సీసం గూటం మీద ఆనించండి. క్లాంపు మీద పెట్టొద్దు, క్లాంపుకీ గూటానికీ మధ్యే లోపం ఉండొచ్చు. 0.3 వోల్టుల లోపు రావాలి. తర్వాత ఒక కొస ఆల్టర్నేటర్ ఒంటి మీద, రెండోది బ్యాటరీ మైనస్ గూటం మీద. ఇక్కడ 0.2 లోపు. ముందు మైనస్ గుర్తు పడినా పట్టించుకోనక్కర్లేదు.

అర వోల్టేగా అని వదిలేయకండి. 30 ఆంపియర్లు పారేచోట అర వోల్టు పోతోందంటే 15 వాట్ల వేడి ఒక్క బోల్టు దగ్గర పుడుతోందని లెక్క. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ అంత వేడి అది. ఆ వేడికి లోహం వ్యాకోచించి పట్టు ఇంకా వదులవుతుంది, చల్లబడితే మళ్లీ పట్టుకుంటుంది. వచ్చి పోయే లోపం అంటే ఇదే. మీటరుని ఒక్కో అతుకు మీదుగా జరుపుకుంటూ వెళ్తే ఎక్కడ అంకె గెంతుతుందో అక్కడే దోషం. మెయిన్ ఫ్యూజు బోల్టులు ముందు చూడండి. ఫ్యూజు పెట్టె ప్లాస్టిక్ కమిలి ఉంటే మీటరు అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. కేబుల్ కొసన లగ్ (బోల్టుకి బిగించే లోహపు రింగు) లోపల చిలుము పట్టి ఉంటే పైన ఎంత తోమినా లాభం లేదు, రెండంగుళాలు కోసి కొత్త లగ్ ఒత్తించాలి. బ్యాటరీ గూటాల మీద తెల్ల పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, ఆ పైన వ్యాస్‌లీన్ రాయాలి. ముందే రాసి బిగించొద్దు.

ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ ఇంకో దొంగ. క్లచ్చో గేర్‌బాక్సో దించినప్పుడు ఊడదీసి, తిరిగి బిగించడం మరిచిపోయిన బండ్లు ఉంటాయి. అప్పుడు కరెంటు తిరిగి వెళ్లడానికి యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో దారి చేసుకుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కేబుల్ వేడెక్కినా, యాక్సిలరేటర్ బిగుసుకున్నా సూటిగా ఎర్త్ పట్టీ చూడండి. రంగు మీద బిగించకుండా, లోహం కనిపించేలా గీకి బిగించాలి.

నిలబడినప్పుడు మాత్రమే తగ్గే రకానికి లెక్క కట్టి చూస్తే చాలాసార్లు లోపమే ఉండదు. హెడ్‌లైట్లు 60 వాట్లవి రెండు అంటే 9 ఆంపియర్లు. ఏసీ క్లచ్ 3 లేదా 4, బ్లోయర్ ఫుల్లో 10 పైన, రేడియేటర్ ఫ్యాన్ మరో 8 నుంచి 10, ఇంజన్ తనకి తాను వాడుకునేది 8 దాకా. మొత్తం 40 దగ్గరికి చేరింది. చిన్న బండి ఆల్టర్నేటర్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, తిరుగుతున్నప్పుడు తన పూర్తి శక్తిలో సగం ఇస్తే గొప్ప. మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది. దానికి తోడు 100 వాట్ల హెడ్‌లైట్ బల్బులు, ఫాగ్ లైట్లు పెట్టించుకుంటే జులై వర్షంలో వైపర్‌తో సహా బెంజ్ సర్కిల్ దగ్గర పావుగంట నిలబడితే బ్యాటరీ దిగక ఏం చేస్తుంది? మామూలు బల్బులు పెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ బాగా తగ్గుతుంటే, ఇంజన్ నడుస్తుండగా మీటరుని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల్లో పెట్టి బ్యాటరీ మీద చూడండి. 0.1 లోపు ఉంటే డయోడ్లు బాగున్నట్టు, 0.5 దాటితే డయోడ్ పోయినట్టు.

డయోడ్ కారడం మొదలైతే రాత్రిపూట బ్యాటరీ ఆల్టర్నేటర్ లోంచే దిగిపోతుంది. బండి రాత్రంతా నిలబడ్డాక తెల్లవారుజామున ఆల్టర్నేటర్ ఒంటి మీద చెయ్యి పెడితే ఇంజన్ చల్లగా, అది మాత్రం గోరువెచ్చగా తగులుతుంది. మైనస్ కేబుల్ ఊడదీసి దానికీ గూటానికీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో కలపండి. తలుపులు మూసి, తాళం తీసి, పావుగంట ఆగాక 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. 300 ఉందనుకోండి, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం పోవడానికి రెండున్నర రోజులు చాలు. శుక్రవారం రాత్రి పెట్టిన బండి సోమవారం పొద్దున సెల్ఫ్ అందుకోకపోవచ్చు. ఈ కరెంటు డయోడ్ గుండా కాకుండా వేరే తీగ గుండా కూడా పోతుండొచ్చు, దాన్ని కూడా ఛార్జింగ్ లోపం అనుకుని ఆల్టర్నేటర్ విప్పేవాళ్లు ఉన్నారు. కరెంటు పారుతుండగా ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే ఏ ఫ్యూజుతో అంకె పడిపోతుందో అదే దారి. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు.

విజయవాడ బండ్లకి ఇంకో మాట చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లు చాలావరకు బాగుచేయించుకుని తిరుగుతున్నాయి, కొన్ని చేతులు కూడా మారాయి. బురదనీరు చేరిన ఆల్టర్నేటర్ అప్పటికి ఆరిపోయి పనిచేసినా, రింగుల కిందా, రెగ్యులేటర్ పిన్నుల మొదళ్లలో, కప్లర్ లోపలి తీగల్లో చిలుము నెలల తరబడి మెల్లగా తింటూ పోతుంది. పాత బండి కొంటుంటే ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి తీగల కట్ట చూడండి, గీతలా మట్టి అంటుకుని ఉంటే ఆల్టర్నేటర్ విప్పించి చూశాకే ధర మాట్లాడండి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వకండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "బండి ఆగలేదు, కాబట్టి ఛార్జింగ్ ఉంది" అని తేల్చడం. బ్యాటరీ లేని ఆ క్షణంలో వోల్టేజి ఎగదన్ని రెగ్యులేటర్, డయోడ్లు, ఇంజెక్షన్ బండి అయితే దాని కంప్యూటర్ పోవచ్చు. అది అప్పటి డైనమోల కాలం నాటి అలవాటు, ఆల్టర్నేటర్ బండికి పనికిరాదు.

ఆల్టర్నేటర్ లోపలే దోషమని తేలాక షాపులో ఇస్తే, బెంచి మీద లోడు పెట్టి పావుగంట ఇరవై నిమిషాలు తిప్పి, వేడెక్కాక అంకె చూపించమని అడగండి. రెగ్యులేటర్ అదే పిన్నుల వరసది కావాలి. పుల్లీ వ్యాసం కూడా పాతదాంతో పోల్చుకోవాలి, పెద్ద పుల్లీ పెడితే స్లోలో తిరిగే వేగం తగ్గి సిగ్నళ్ల దగ్గర ఛార్జింగ్ ఇంకా పడిపోతుంది.

దారి మధ్యలో ఛార్జింగ్ పూర్తిగా పోతే ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. ఎర్ర లైటుతో పాటు ముల్లు కూడా లేస్తుంటే బెల్టు తెగింది. మారుతి 800 లాంటి వాటిలో అదే బెల్టు వాటర్ పంపునీ తిప్పుతుంది, వెంటనే పక్కకి ఆపాలి. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకు వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది కాబట్టి బెల్టు తెగితే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, ముల్లు లేవకపోయినా నడపకూడదు. బెల్టు బాగానే ఉంటే ఏసీ, బ్లోయర్, పాటలు అన్నీ ఆపేసి, ఇంజన్ మాత్రం ఆపకుండా సాగండి. నిండుగా ఉన్న 35 ఆంపియర్ అవర్ బ్యాటరీతో ఇంజెక్షన్ పెట్రోలు బండి పగటిపూట గంటన్నర దాకా లాగుతుంది, హెడ్‌లైట్లు వేస్తే అందులో సగం. విజయవాడ నుంచి గుంటూరు 35 కిలోమీటర్లే, పగలైతే చేరిపోవచ్చు. కార్బొరేటర్ బండి, మెకానికల్ పంపున్న పాత డీజిల్ ఇంకా చాలా ఎక్కువసేపు నడుస్తాయి. మీటరు 11 దగ్గరికి వచ్చిందంటే హైవే మధ్యలో ఆగేదాకా చూడకుండా, వెలుతురున్న పెట్రోలు బంకులోకి తిప్పి పెట్టేయండి.